ఇష్కె: తల మార్చుకునే ఐరిష్ నీళ్ళు

డబ్లిన్‌లో ఫుట్‌పాత్ మీద నడుస్తూ కిందికి చూస్తే అరచేతి కంటే కాస్త పెద్దవైన ఇనప మూతలు కనిపిస్తుంటాయి. ఇంట్లోకి వెళ్ళే నీళ్ళ పైపును కట్టేసే వాల్వు ఆ మూత కింద ఉంటుంది. చాలా మూతల మీద ఒకటే మాట పోతపోసి ఉంటుంది. రోమన్ లిపిలో ఐదు అక్షరాలు: యు, ఐ, ఎస్, సి, ఇ. మన అలవాటు కొద్దీ చదివితే ‘యూయిస్క్’ అనో ‘విస్సే’ అనో వస్తుంది. ఐర్లాండ్‌లో దాన్ని ‘ఇష్కె’ అంటారు. అర్థం నీళ్ళు.

వినగానే మనవాళ్ళకి హిందీ పాటల్లోని ‘ఇష్క్’ గుర్తొస్తుంది. ఆ ఇష్క్ అరబ్బీ నుంచి వచ్చిన ప్రేమ. ఈ ఇష్కెకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. చుట్టరికం వేరే చోట ఉంది. మన ఇళ్ళలో సంధ్యావందనం పాత్రలో ఉంది, ఇంకా చెప్పాలంటే పెగ్గు గ్లాసులో కూడా ఉంది. అక్కడికి వెళ్ళే ముందు ఆ భాష గురించి రెండు ముక్కలు.

ఐరిష్ అంటే ఐర్లాండ్ యాసలో మాట్లాడే ఇంగ్లీషు అని చాలామంది అనుకుంటారు. అది కెల్టిక్ కుటుంబానికి చెందిన వేరే భాష. 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగం 8వ అధికరణం దాన్ని జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా ప్రకటించింది. 2007 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లోనూ అధికార భాషే. కాగితం మీద ఇంత హోదా ఉన్నా, నోట్లో ఉన్నది తక్కువ. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 18.7 లక్షల మంది తమకు ఐరిష్ వచ్చునని రాయించారు. అందులో బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేల లోపే. బడిలో అందరూ నేర్చుకుంటారు, బయట కొద్దిమందే వాడతారు. అయినా ఇష్కె అనే మాట తెలియని ఐరిష్ మనిషి ఉండడు. వాళ్ళ కాళ్ళ కిందే పోతపోసి ఉంది కదా.

ముందు ఆ స్పెల్లింగ్ సంగతి. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకీ రెండు పలుకుబళ్ళు ఉంటాయి. ఒకటి బరువుది, ఇంకొకటి నాలుకను పైకి నొక్కి పలికే సన్నది. ఏది ఏదో చెప్పడానికి వేరే గుర్తులు లేవు. పక్కనున్న అచ్చే ఆ పని చేస్తుంది. హల్లుకి పక్కన ఐ, ఇ అక్షరాలుంటే సన్నగా పలకాలి. ఇష్కెలో ఎస్, సి అక్షరాలు అటు ఐ, ఇటు ఇ మధ్య ఇరుక్కున్నాయి. కాబట్టి ‘స’ కాస్తా ‘ష’ అయింది, ‘క’ సన్నబడి ‘క్యె’కి దగ్గరైంది. మొదట్లో ఉన్న యు అక్షరం ఇప్పుడు పలకదు. ఒకప్పుడు మాట నిజంగానే ‘ఉ’తో మొదలయ్యేది. పక్కనున్న స్కాటిష్ గేలిక్‌లో ఆ మొదటి అచ్చును ఇప్పటికీ ‘ఉ’కి దగ్గరగా పలుకుతారు. ఐర్లాండ్ నోట్లో అది ‘ఇ’ అయిపోయినా, రాతలో పాత ‘ఉ’ అలాగే కూర్చుని ఉంది. ఈ ‘ఉ’ని మరిచిపోకూడదు. అసలు కథ దాంతోనే ఉంది.

కెల్టిక్ భాషల పాత రూపాలను పోల్చి చూసిన పండితులు ఇష్కెకి మూలంగా ‘ఉద్’ అనే మొదలున్న ఒక రూపాన్ని పునర్నిర్మించారు. మధ్యలో ఉన్న ‘ద’ ఐరిష్‌లో అరిగిపోయింది. ఆ ‘ఉద్’ వెనక ఉన్నది ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న నీటి ధాతువు. సంస్కృతంలో అది ‘ఉదకం’. గ్రీకులో ‘హుదోర్’. మనం ‘హైడ్రోజన్’ అన్నప్పుడల్లా పలికేది దాన్నే. ఇంగ్లీషులో ‘వాటర్’, రష్యన్‌లో ‘వదా’. ఇప్పటి టర్కీ నేల మీద మూడు వేల ఏళ్ళకు పైగా కిందట మాట్లాడిన హిట్టైట్ భాషలో అది ‘వాతర్’. మట్టి పలకల మీద ఉన్న ఆ భాష ఏ కుటుంబానిదో ఎవరికీ తేలనప్పుడు, బెద్రిఖ్ హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఒక వాక్యంలో రొట్టె తినడం గురించి ఉందని పోల్చుకుని, దాని పక్కనే ‘వాతర్’ అన్న మాట చూసి, ఇక్కడ తాగే విషయం ఉండాలని పట్టేశాడు. 1915లో ఆయన ఆ భాష గుట్టు విప్పడంలో ఈ నీళ్ళదీ ఒక చెయ్యి.

అసలు తెలుగు మాట నీరు. అది ద్రావిడ మాట, ఇష్కెకి ఏమీ కాదు. కానీ తెలుగు వాడుకలో కలిసిపోయిన సంస్కృత పదాల్లో ఈ ఐరిష్ మాటకి బంధువులు బోలెడు. శంఖంలో పోస్తే శంఖోదకం, పాదం కడిగితే పాదోదకం. ఎవరినైనా, దేన్నైనా పూర్తిగా వదిలేస్తే ‘తిలోదకాలు ఇచ్చేశాడు’ అంటాం. తిల ప్లస్ ఉదకం, నువ్వులూ నీళ్ళూ. ‘సముద్రం’లోనూ ‘ఉద్ర’ అనే నీళ్ళు దాక్కుని ఉన్నాయి. డబ్లిన్‌లో ఇనప మూత మీదున్న మాటా, గోదావరి ఒడ్డున వదిలే తిలోదకమూ ఒకే మూలం నుంచి బయల్దేరాయన్నమాట.

ఈ చుట్టరికాన్ని మొదట సూచించిన గొంతు మన దేశంలోనే వినపడింది. 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందు సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పి, కెల్టిక్ భాషలు కూడా అక్కడినుంచే వచ్చి ఉండవచ్చని ఒక మాట జోడించాడు. కెల్టిక్ విషయం మాత్రం చాలా కాలం ‘ఉండవచ్చు’ దగ్గరే ఆగిపోయింది. దానికి కారణం ఐరిష్ వ్యాకరణంలోని ఒక వింత. యూరప్‌లో కెల్టిక్ కాని భాషల్లో మాటల తోకలు మారతాయి. ఐరిష్‌లో తలలు మారతాయి. నిఘంటువులో ఇష్కె అని ఉంటుంది. వాక్యంలోకి వచ్చేసరికి అది తిష్కె, హిష్కె, నిష్కె, మిష్కె అవుతూ ఉంటుంది. ఇలాంటి భాష సంస్కృతానికి చుట్టమెలా అవుతుందని అనుమానం.

ఈ తలలు ఎలా మారతాయో ఒక్కొక్కటే చూడాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి టెన్షన్ పెట్టే చోటు ఇదే.

‘ఆ నీళ్ళు’ అనాలంటే ఇంగ్లీషు ‘ద’ లాంటి ‘అన్’ అనే చిన్న మాట ముందు పెట్టాలి. పెడితే ‘అన్ ఇష్కె’ కావాలి. కానీ ‘అన్ తిష్కె’ అవుతుంది. మధ్యలో ఒక ‘త’ ఊడిపడింది. ఇది ఇంగ్లీషు ‘ట’ కాదు, పళ్ళకి నాలుక తగిలే అచ్చమైన ‘త’. ఇంగ్లీషువాళ్ళు తంటాలు పడే ఈ పలుకుబడి మనకి పుట్టుకతోనే వస్తుంది. ‘ఆ నీటి యొక్క’ అనే అర్థంలో మాత్రం మళ్ళీ ‘అన్ ఇష్కె’యే, ‘త’ మాయం. ‘ఆ నీళ్ళు’ అని బహువచనం చేస్తే ‘న హిష్కీ’. అక్కడ ‘హ’ వచ్చింది.

‘నా నీళ్ళు’ అంటే ‘మిష్కె’. ‘మో’ అనే మాటలోని ‘ఓ’ ఎగిరిపోయి మిగిలిన ‘మ’ నీళ్ళకి అతుక్కుంది. రాముడు ప్లస్ అతడు రాముడతడైనట్టు, మనకి తెలిసిన ఉత్వసంధి పద్ధతే. ‘మన నీళ్ళు’ అంటే ‘ఆర్ నిష్కె’. ఇక అసలు తమాషా అతని, ఆమె, వాళ్ళ అనే మూడింటిది. ఐరిష్‌లో ఈ మూడింటికీ ఒకటే మాట, ‘అ’. అతని నీళ్ళు ‘అ ఇష్కె’. ఆమె నీళ్ళు ‘అ హిష్కె’. వాళ్ళ నీళ్ళు ‘అ నిష్కె’. ఎవరి నీళ్ళో చెప్పేది సర్వనామం కాదు, నీళ్ళ తల. పిల్లితో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఐరిష్‌లో పిల్లి ‘కత్’. అతని పిల్లి ‘అ ఖత్’, గొంతులోంచి గాలితో వచ్చే ‘ఖ’. ఆమె పిల్లి ‘అ కత్’, మార్పు లేదు. వాళ్ళ పిల్లి ‘అ గత్’.

మూడు ‘అ’లూ ఒకటే అయితే పిల్లి మూడు రకాలుగా ఎందుకు మారాలి? జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బోప్ 1838లో దీనికి జవాబిచ్చాడు. ఇప్పుడు ఒకేలా వినిపిస్తున్న ఆ మూడు మాటలకీ ఒకప్పుడు మూడు వేర్వేరు తోకలు ఉండేవి. తోకలు అరిగిపోయాయి. పోతూ పోతూ తర్వాతి మాట తల మీద తమ గుర్తు వదిలిపోయాయి. ఆ పోయిన తోకలు ఏమిటో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, సంస్కృత శబ్దమంజరి తెరిస్తే చాలు. సంస్కృతంలో ‘ఇతని’ అంటే అస్య. ‘ఈమె యొక్క’ అంటే అస్యాః. ‘వీరి’ అంటే ఏషామ్. మొదటిది అచ్చుతో ముగుస్తుంది, రెండోది విసర్గతో, మూడోది అనునాసికంతో. ఇవి ఐరిష్ ‘అ’లకి తల్లులు కావు, అక్కచెల్లెళ్ళ వరస. ఐరిష్‌లోనూ పాత రూపాలు ఇలాగే ఒకటి అచ్చుతో, ఒకటి ‘స’తో, ఒకటి ‘న’తో ముగిసేవి.

ఇప్పుడు పిల్లిని మళ్ళీ పిలవండి. ‘అతని’ తర్వాత, రెండు అచ్చుల మధ్య పడ్డ ‘క’ మెత్తబడి గాలి ‘ఖ’ అయింది. ‘ఆమె’ తర్వాత అడ్డంగా ‘స’ ఉండటంతో ‘క’ చెక్కుచెదరలేదు. ‘వాళ్ళ’ తర్వాత ముక్కుతో పలికే ‘న’ తగిలి ‘క’ కాస్తా ‘గ’ అయింది. నీళ్ళకైతే మెత్తబడటానికి మొదట్లో హల్లే లేదు, అచ్చుతో మొదలయ్యే మాట కదా. అందుకే ‘అతని’ తర్వాత ఏమీ జరగలేదు. ‘ఆమె’ తోకలోని ‘స’ పలచబడి ‘హ’గా మారి హిష్కె అయింది. ఆ ‘హ’ మన విసర్గ లాంటిదే. అస్యాః చివర వినపడే ఊపిరి, ఆమె నీళ్ళ ముందు ఇంకా వినపడుతోంది. ‘వాళ్ళ’ తోకలోని ‘న’ నిష్కెలో మిగిలింది. ‘అన్ తిష్కె’లోని ‘త’ కూడా ఇలాంటి శేషమే. ‘అన్’ పాత రూపం ‘సిందోస్’. పుంలింగంలో చివరి ‘స’ పోతూ దాని ముందున్న ‘ద’ను గట్టిపరిచి ‘త’ చేసింది. స్త్రీలింగంలో ఆ రూపం అచ్చుతో ముగిసేది కాబట్టి ఆ గట్టిదనం రాలేదు. అందుకే ఇప్పుడు ఐరిష్‌లో అచ్చుతో మొదలయ్యే మాటకి ‘అన్’ తర్వాత ‘త’ వచ్చిందంటే అది పుంలింగమని తెలిసిపోతుంది. రొట్టె ‘అన్ తరాన్’, వెన్న ‘అన్ తిమ్’, రెండూ పుంలింగాలు. రాత్రి స్త్రీలింగం, ‘అన్ ఈహ’ అంతే.

ఇంగ్లీషులో రాసిన ఐరిష్ పాఠ్యపుస్తకాలు ఈ మార్పులను జాబితాలుగా ఇస్తాయి. ఇది వస్తే అది, అది వస్తే ఇది. ఇంగ్లీషులో ఇలాంటిది లేదు కాబట్టి వాళ్ళకి వేరే దారి లేదు. తెలుగువాళ్ళకి ఆ జాబితా అంత అవసరం లేదు. పదో తరగతి దాకా సంధులు బట్టీ పట్టినవాళ్ళం.

సరళాదేశ సంధి గుర్తుందా? ‘పూచెను ప్లస్ కలువలు, పూచెఁగలువలు.’ ద్రుతం అంటే ‘న’. ద్రుతం మీద పరుషం వస్తే సరళం అవుతుంది: క, చ, ట, త, ప స్థానంలో గ, జ, డ, ద, బ. ఐరిష్‌లో పాత ‘న’ తోక ఉన్న మాట తర్వాత క, త, ప లు గ, ద, బ లు అవుతాయి. సూత్రం చిన్నయసూరి ఐరిష్‌వాళ్ళకి రాసిచ్చినట్టే ఉంది. పైగా మనకీ తోక అరిగిపోయిన సందర్భాలున్నాయి. ఈ వ్యాసంలోనే పదేపదే వచ్చే ‘గురించి’ చూడండి. అది పాత ‘కుఱించి’. దాని ముందు ఎప్పుడూ నన్నున్, వానిన్ లాంటి ద్రుతాంతాలే వచ్చేవి కాబట్టి ‘క’ ‘గ’గా మారింది. ఇప్పుడు ‘వాడి గురించి’ అంటున్నాం. ‘న’ పోయింది, ‘గ’ మిగిలింది. వాళ్ళ పిల్లి ‘అ గత్’లో జరిగింది సరిగ్గా ఇదే. ఇక ‘అతని’ తర్వాత వచ్చే మెత్తదనానికి మన దగ్గర గసడదవాదేశం ఉంది: తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, కూర, కాయ కలిస్తే కూరగాయలు.

పోలికను ఇంతకంటే లాగకూడదు. తెలుగుకీ ఐరిష్‌కీ పుట్టుకలో సంబంధం లేదు. రెండు చోట్లా మనుషుల నోళ్ళు ఒకే రకంగా బద్ధకించాయి, అంతే. తేడా కూడా పెద్దదే. మనకి సంధి చేయకపోయినా అర్థం చెడదు. ‘తల్లితండ్రులు’ అని రాస్తే మేష్టారు మార్కు తగ్గిస్తారు తప్ప తల్లిదండ్రులు మారిపోరు. ఐరిష్‌లో ‘హ’ మరిచిపోతే ఆమె నీళ్ళు అతనివైపోతాయి. ఎప్పుడో అరిగిపోయిన ఉచ్చారణ ముక్కల మీద ఆ భాష లింగాన్నీ, వచనాన్నీ, విభక్తినీ మోపేసింది. ఇంకో తేడా రాతలో ఉంది. మనం ‘గ’ వస్తే ‘గ’ అని రాసేస్తాం. ఐరిష్‌వాళ్ళు పాత అక్షరం కొట్టెయ్యకుండా కొత్తది దాని ముందు తగిలిస్తారు. కార్క్ నగరానికి ఐరిష్ పేరు ‘కోర్కి’ అనుకుంటే, ‘కార్క్‌లో’ అన్నప్పుడు చిన్న జి అక్షరం రాసి, దాని పక్కన పెద్ద సి పెడతారు. పలికేది జిని, చూసేది సిని. మాట తల మారినా అసలు మొహం కనబడాలన్న పట్టుదల అది. చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది కానీ, నిఘంటువులో మాట వెతుక్కునేవాడికి అంత మేలు చేసే పద్ధతి ఇంకొకటి లేదు.

కెల్టిక్ పండితుల్లో ఒకరు మన వైపు కూడా వచ్చారు. 1830లో డబ్లిన్‌లో పుట్టిన విట్లీ స్టోక్స్ వృత్తికి లాయరు. 1862లో ఇండియాకి, ముందు మద్రాసుకి వచ్చాడు. తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడయ్యాడు. ఇక్కడి సివిల్, క్రిమినల్ చట్టాలు రాసే పని పగలు, పాత ఐరిష్ రాతప్రతులు పరిష్కరించే పని మిగతా వేళల్లో. వెయ్యేళ్ళ నాటి ఐరిష్ పదకోశం ఒకదాన్ని ఆయన 1868లో కలకత్తాలోనే అచ్చు వేయించాడు. ఇంకొక సంగతి. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో రాసిన రాబర్ట్ కాల్డ్‌వెల్ పుట్టింది కూడా ఐర్లాండ్ దీవిలోనే, యాంట్రిమ్ కౌంటీలో, స్కాటిష్ తల్లిదండ్రులకి.

మాట తల సంగతి తేలింది కాబట్టి దాన్ని వాక్యంలో పెట్టి చూడొచ్చు. ఐరిష్ వాక్యంలో క్రియ మొదట వస్తుంది. మన వాక్యానికి తలకిందులు. ‘నా దగ్గర నీళ్ళున్నాయి’ అనడానికి ‘తా ఇష్కె అగమ్’ అంటారు. తా అంటే ఉంది, ఇష్కె నీళ్ళు, అగమ్ అంటే నా దగ్గర. ఇంగ్లీషు ‘హ్యావ్’ లాంటి క్రియ ఐరిష్‌కి లేదు. తెలుగుకీ లేదు. మనిషి నీటిని ‘కలిగి ఉండడు’, నీళ్ళు మనిషి దగ్గర ఉంటాయి. (‘కలిగి ఉన్నాడు’ అని పాఠ్యపుస్తకాల తెలుగులో కనబడుతుంది కానీ ఇంట్లో ఎవరూ అనరు.) అగమ్ అన్నది ఒకే మాట. ‘దగ్గర’ అనే విభక్తీ, ‘నేను’ అనే సర్వనామమూ కరిగి కలిసిపోయిన ముద్ద. నీ దగ్గర అయితే ‘అగత్’, మా దగ్గర అయితే ‘అగిన్’. ప్రతి మనిషికీ వేరే ముద్ద.

నీళ్ళు కావాలంటే? ‘తా ఇష్కె ఊఅమ్’. మాటకి మాట పెడితే ‘ఉన్నాయి నీళ్ళు నా నుంచి’. నా నుంచి దూరంగా ఉన్నాయి కాబట్టి కావాలి! దాహమేస్తే ‘తా తర్త్ ఓరమ్’, దాహం నా మీద ఉంది. ఆకలి, కోపం, విచారం, జలుబు అన్నీ ఐరిష్‌లో మనిషి మీదికి ఎక్కి కూర్చుంటాయి. మనకి ‘నాకు దాహంగా ఉంది, నాకు కోపం వచ్చింది’. మనమూ వాటిని మనం చేసే పనులుగా చెప్పం, మనకి జరిగేవిగానే చెబుతాం. ఈ ‘ఓరమ్’ను రాసేటప్పుడు ‘ఓర్మ్’ అనే రాస్తారు. ర, మ మధ్యలో ఒక చిన్న అచ్చు నోటికి దానంతటదే వచ్చేస్తుంది. ‘కర్మ’ను ‘కరమ’ అన్నట్టు. దీన్ని భాషాశాస్త్రంలో ‘స్వరభక్తి’ అంటారు. సంస్కృత వ్యాకరణం నుంచి తీసుకున్న ఆ పేరునే ఐరిష్ గురించి రాసే పుస్తకాలూ వాడతాయి.

చదివిన ఐరిష్ అంతా మరిచిపోయినవాళ్ళకి కూడా బడిలో నేర్చిన ఒక వాక్యం గుర్తుంటుందని ఐర్లాండ్‌లో జోకు. బాత్రూమ్‌కి వెళ్ళచ్చా అని టీచర్ని అడిగే వాక్యం: ‘అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గ దీ అన్ లెహ్రస్?’ అందులోనూ అదే అగమ్: నా దగ్గర అనుమతి ఉందా? ‘విల్’ అసలు ‘ఫిల్’, ‘దీ’ అసలు ‘తీ’. ముందున్న మాటల పాత ‘న’ తోకలు తగిలి రెండూ తలలు మార్చుకున్నాయి. ఐదేళ్ళ పిల్ల అవసరం కొద్దీ హడావిడిగా అడిగే వాక్యంలో రెండుసార్లు సరళాదేశం జరుగుతుంది.

ఇష్కెని ప్రపంచమంతా తిప్పింది మాత్రం వ్యాకరణం కాదు, సారా. మధ్యయుగంలో బట్టీలో కాచిన మద్యాన్ని లాటిన్‌లో ‘ఆక్వా వీటై’ అన్నారు, జీవజలం. ఎక్కడి వాళ్ళు అక్కడ దాన్ని తమ భాషలోకి తిప్పుకున్నారు. ఫ్రెంచివాళ్ళు ‘ఓ ద వీ’ అన్నారు. ఐర్లాండ్‌లో అది ‘ఇష్కె బాహ’ అయింది. బాహ అంటే జీవితం. ఈ రెండో మాట కూడా మనకి పరాయిది కాదు. లాటిన్ ‘వీటా’, సంస్కృత ‘జీవ’, ఐరిష్ ‘బాహ’ ఒకే ధాతువు పిల్లలు. సంస్కృతంలో జ, లాటిన్‌లో వ, ఐరిష్‌లో బ అయింది. కాబట్టి ఇష్కె బాహని అణువణువూ సంస్కృతీకరిస్తే ‘ఉదకం జీవితస్య’ లాంటిది వస్తుంది. ఐరిష్‌లో సొత్తు ముందు, సొంతదారు వెనక. తెలుగు సమాసంలో జీవం ముందుంటుంది, జలం వెనక.

ఐర్లాండ్‌లో ఈ మాట గురించిన పాత దాఖలా ఒక చావు కబురు. క్లాన్‌మెక్‌నాయిస్ అనే పాత మఠం పేరుతో ఉన్న వార్షిక చరిత్రలో 1405 కింద, ఇప్పటి లీట్రిమ్ కౌంటీ ప్రాంతానికి చెందిన రిచర్డ్ మాగ్రానెల్ అనే నాయకుడు క్రిస్మస్ వేళ జీవజలం అతిగా తాగి చనిపోయాడని ఉంది. రాసినాయన ఊరుకోలేక, అది అతని పాలిట జీవజలం కాదు, మృత్యుజలమని ఒక చురక కూడా అంటించాడు. ఆరు వందల ఏళ్ళు దాటినా ఆ శ్లేష పాతబడలేదు. స్కాట్లాండ్‌లో 1494 నాటి ఖజానా లెక్కల్లో, జాన్ కోర్ అనే సన్యాసికి జీవజలం తయారీకి ఎనిమిది బోల్‌ల (బోల్ అంటే అక్కడి పాత ధాన్యపు కొలత) మాల్టు ఇచ్చినట్టు రాసి ఉంది.

ఇంగ్లీషువాళ్ళు ఇష్కె బాహని ‘అస్క్విబా’ అని తమ చెవికి తోచినట్టు రాసుకున్నారు. అప్పటి ‘ఉ’ అందులో దొరికిపోయింది. పోను పోను ‘బాహ’ రాలిపోయింది, ముందు సగం ‘విస్కీ’గా నిలిచింది. ఏది రాలిపోయిందో గమనించండి. రాలింది జీవం, మిగిలింది నీళ్ళు. విస్కీలో సోడా కలపాలా, నీళ్ళు కలపాలా అని వాదించుకునేవాళ్ళు నీళ్ళలో నీళ్ళు కలపడం గురించే మాట్లాడుకుంటున్నారు. పక్క టేబుల్ మీద వోడ్కా తాగేవాళ్ళదీ అదే పరిస్థితి. రష్యన్ ‘వదా’కి ముద్దు ప్రత్యయం తగిలిస్తే వోడ్కా, చిట్టి నీళ్ళు.

ఐరిష్‌లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ఇంగ్లీషు విస్కీ తిరిగి ఐర్లాండ్ భాషలోకి వచ్చేసరికి, అది తమ ఇష్కేనని ఎవరూ గుర్తుపట్టలేదు. కొత్త మాటలా తీసుకుని, ‘వ్హ’ అనే ఇంగ్లీషు ధ్వనిని ‘ఫ’ చేసి, ‘ఫిష్కె’ అన్నారు. ఇప్పుడు ఐరిష్‌లో ఇష్కె అంటే నీళ్ళు, ఫిష్కె అంటే విస్కీ. పల్లెలో పుట్టి పట్నం పోయి, పేరు మార్చుకుని తిరిగొచ్చిన మనిషిని సొంత ఊరే కొత్తవాడనుకున్నట్టు.

నీళ్ళ చుట్టూ అల్లుకున్న మిగతా మాటల్లో రెండు తెలుగువాళ్ళని ప్రత్యేకంగా ఆపేస్తాయి. ఒకటి ‘ఇష్కె ఫ్వీ హలవ్’. నేల కింద నీళ్ళు. గూడుపుఠాణీకి, తెరవెనక జరిగే కుట్రకి ఐరిష్‌లో ఇదే మాట. మనకి చాపకింద నీరు. వాళ్ళ నీరు నేల కింద, మనది ఇంట్లో చాప కింద, అంతే తేడా. రెండోది ‘మద్ర ఇష్కె’. మద్ర అంటే కుక్క. నీటికుక్క. తెలుగులోనూ ఆ జంతువు నీటికుక్కే. చేపలు తింటూ ఏటి ఒడ్డున తిరిగే ఆ జీవికి రెండు చోట్లా ఒకే పేరు ఎవరికి వాళ్ళే పెట్టుకున్నారు. ఇంగ్లీషు ‘ఆటర్’, సంస్కృత ‘ఉద్ర’, రెండూ మళ్ళీ ఆ నీటి ధాతువులోంచే పుట్టాయి. హిందీవాళ్ళు మాత్రం దాన్ని ‘ఊద్‌బిలావ్’ అని పిల్లిని చేశారు.

నీటిగుర్రం విషయంలో మటుకు దారులు వేరు. మనకి అది జూలో కనబడే హిప్పో. ఐరిష్ జానపద కథల్లో ‘అఖ్ ఇష్కె’ సరస్సులోంచి వచ్చే అందమైన గుర్రం. ఎక్కితే దిగనివ్వదు, నీళ్ళలోకి లాక్కెళ్ళి తినేస్తుంది. ఆ ‘అఖ్’ మన అశ్వానికి చుట్టం. రోజువారీ ఐరిష్‌లో గుర్రాన్ని ఇప్పుడు ‘కాపల్’ అంటారు. అఖ్ ఎక్కువగా ఇలాంటి పాత కథల్లోనే బతుకుతోంది.

చివరికి మళ్ళీ ఇనప మూత దగ్గరికి. ఐర్లాండ్‌లో ఇళ్ళకి నీటి బిల్లు అనేది లేని రోజుల్లో, 2013లో, ప్రభుత్వం ఒక జాతీయ నీటి సంస్థని పెట్టి మీటర్లు బిగించడం మొదలుపెట్టింది. 2014లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. గొడవ ముదిరి 2016లో బిల్లులు ఆపేశారు, 2017లో కట్టినవాళ్ళకి డబ్బు వెనక్కి ఇచ్చారు. ఆ సంస్థని జనం అప్పట్లో ‘ఐరిష్ వాటర్’ అనేవారు. 2023 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో కూడా దాని పేరు ఐరిష్ పేరే: ‘ఇష్కె ఏరన్’, ఐర్లాండ్ యొక్క నీరు. దాంతో ఐరిష్ రాని విలేకరి కూడా పైపు పగిలిన ప్రతిసారీ ఇష్కె అనాల్సి వస్తోంది.

ఇంగ్లీషు వార్తలో ఆ పేరు ఎక్కడ పెట్టినా కదలదు, మెదలదు. అదే సంస్థ గురించి ఐరిష్‌లో రాస్తే, ‘తో’ అనే అర్థమిచ్చే ‘లె’ ముందు పడగానే, పెద్ద యు అక్షరానికి ముందు ఒక చిన్న హెచ్ వచ్చి కూర్చుంటుంది. ‘లె హిష్కె ఏరన్’.